మూడో బ్యాటరీ కొనేముందు

మా బావ కారుకి పద్నాలుగు నెలల్లో రెండు బ్యాటరీలు పడ్డాయి, రెండు క్లచ్ వైర్లు మారాయి, సెల్ఫ్ మోటార్ ఒకసారి విప్పి బిగించారు. అన్నీ కలిపి పదహారు వేలు దాటింది. చివరికి జబ్బు దొరికింది బ్యాటరీ కింద నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే మూరెడు నల్ల వైరులో. దాన్ని మార్చడానికి ఆరు వందలు కూడా కాలేదు.

ఇలా చెప్తే ఇది మెకానిక్కులని తిట్టే కథ అనుకుంటారు. కాదు. ఆ వైరుని చేత్తో ఊపి చూసి, మీటరు పెట్టి, "ఇది బాగానే ఉంది" అని వదిలేసిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. శ్రీకాకుళంలో పంతొమ్మిదేళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తూ కూడా వదిలేశాను. అందుకే ఎక్కడ తప్పానో అదీ కలిపి రాస్తున్నాను.

బండి 2013 మోడల్, చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. బావ లెక్కల టీచరు, ఇల్లు కళింగపట్నంలో, బీచికి నడిచి వెళ్తే ఐదు నిమిషాలు. కారు పెట్టేది రేకుల షెడ్డులో. దానికి తూర్పు వైపు గోడ లేదు, సముద్రపు గాలి నేరుగా బానెట్ మీదికి కొడుతుంది. 2021 సెప్టెంబర్ 26 రాత్రి గులాబ్ తుఫాను కళింగపట్నానికి ఉత్తరాన దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో తీరం దాటినప్పుడు కూడా బండి ఆ షెడ్డులోనే ఉంది. రెండు రేకులు లేచిపోయి తెల్లవార్లూ ఉప్పు జల్లు పడింది. కాకపోతే ట్రబుల్ మొదలైంది ఆ తర్వాత రెండేళ్లకి, కాబట్టి నేరమంతా తుఫాను మీద వెయ్యలేను. ఆ ఊళ్లో తుఫాను లేని రోజు కూడా ఉదయం అద్దం మీద వేలితో రాస్తే వేలికి ఉప్పు తగులుతుంది.

2023 నవంబరులో మొదటిసారి ఉదయం పూట సెల్ఫ్ నీరసంగా తిరిగింది. అప్పటికి బ్యాటరీ వయసు నాలుగేళ్లు. మార్చేశారు, ఎవరైనా అదే చేస్తారు. మూడు వారాలు బాగుంది. తర్వాత మళ్లీ అదే నీరసం. మార్చిలో క్లచ్ బిగుసుకుపోతే వేరే మెకానిక్ క్లచ్ వైరు మార్చాడు. జూన్‌లో ఇంకో షాపులో సెల్ఫ్ మోటార్ దింపి బ్రష్‌లు, బుష్‌లు వేశారు. నెలన్నర బాగుంది. అక్టోబరులో "బ్యాటరీ చార్జి నిలుపుకోవట్లేదు" అన్నారు, రెండోది కొన్నారు. డిసెంబరులో క్లచ్ మళ్లీ బిగుసుకుంది.

ఇవన్నీ బావ ఒక నోట్‌బుక్‌లో తేదీలతో సహా రాసుకున్నాడు. బ్యాటరీ షాపువాళ్లు బ్యాటరీని చూశారు, సెల్ఫ్ పనివాళ్లు మోటార్‌ని చూశారు, క్లచ్ మార్చినతను క్లచ్‌నే చూశాడు. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు. ఆ పేజీ మొత్తం ఒకేసారి చదివినవాడు మాత్రం లేడు. నేనూ చదవలేదు. బంధువుల బండి జోలికి వెళ్లకూడదని నాకో నియమం ఉంది: డబ్బులు అడగలేం, ఏది చెడినా మనమే చెడగొట్టామంటారు.

కనుమ నాడు

2025 సంక్రాంతికి అక్క వాళ్లింటికి వెళ్లాం. కనుమ రోజు ఉదయం బావ కారు తియ్యబోతే "టక్" మంది. ఇంకోసారి తిప్పితే ఇంజన్ సగం చుట్టు తిరిగి మూలిగి ఆగిపోయింది.

"కనుమ నాడు కాకైనా కదలదంటారు, మరి కారేటి కదుల్తాది?" అన్నాడు బావ. నవ్వుతూనే అన్నాడు గానీ ముఖంలో నవ్వు లేదు.

నా బ్యాగు బండిలోనే ఉంటుంది. మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టి, ప్రోబ్‌లు వైరు క్లాంపులకి కాకుండా నేరుగా బ్యాటరీ సీసపు పోస్టుల మీద ఆనించాను. తాళం తిప్పకముందు 12.52 వోల్టులు. రాత్రంతా నిలిపిన బ్యాటరీలో 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే దాదాపు సగం, 12 దగ్గరికొస్తే ఖాళీ అవుతున్నట్టు. అంటే ఇది బాగానే ఉంది. బావని సెల్ఫ్ కొట్టమన్నాను. మోటార్ మూలుగుతున్న ఆ క్షణంలో మీటరు 11.6 చూపించింది.

ఇక్కడే నేను ఆగి ఆలోచించాల్సింది. నీరసంగా ఉన్న బ్యాటరీ అయితే సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి జారిపోవాలి. బాగున్న బ్యాటరీ, బాగున్న మోటార్ అయితే 10.5, 11 మధ్య ఎక్కడో ఉండి ఇంజన్ గిర్రున తిరగాలి. ఇక్కడ ఇంజన్ తిరగట్లేదు, అయినా వోల్టేజి పెద్దగా పడట్లేదు. అంటే బ్యాటరీ దగ్గర కరెంటు ఉంది, తీసుకునే మోటార్ ఉంది, మధ్యలో దారి మూసుకుపోయింది. 11.6 అనే అంకె చెప్పింది అదే.

దారి చూద్దామని నేను చేసిన పని ఏమిటంటే, మీటరుని బీప్ మోడ్‌లో పెట్టి ఒక ప్రోబ్ మైనస్ పోస్టుకి, ఇంకోటి ఇంజన్ లోహానికి ఆనించాను. బీప్ మంది. ఓం రేంజ్‌లో చూస్తే 0.3. రెండు ప్రోబ్‌లు ఒకదానికొకటి తగిలించినా 0.3 వస్తోంది కాబట్టి మధ్యలో అడ్డు సున్నా. "ఎర్త్ ఓకే" అనేశాను. ఎర్త్ అంటే ఇంజన్ నుంచి కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి. తర్వాత టెర్మినల్స్ విప్పి, గరుకు కాగితంతో తోమి, గట్టిగా బిగించాను. తాళం తిప్పగానే స్టార్ట్ అయ్యింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. అక్క గారెలు, కోడికూర వడ్డించింది. 11.6 సంగతి బుర్రలో ఒక మూల గుచ్చుతూనే ఉంది గానీ, కనుమ నాడు గారెల ముందు కూర్చున్నవాడికి అనుమానాలు ఎక్కువసేపు నిలవవు.

మూడు రోజులు

శనివారం ఉదయం ఆరున్నరకి ఫోను. "ఏరా, నీ రిపేరు కూడా మూడ్రోజులేనా?"

ఆ వెనకే అక్క ఫోన్ లాక్కుని చెప్పింది: "మీ బావ సెల్ఫ్ కొట్టినప్పుడల్లా రబ్బరు చెప్పు కాల్చినట్టు కంపొస్తందిరా. చెప్తే ఇనుకోడు. నిన్న క్లచ్ కూడా బిగిసిపోనాది."

కాలిన కంపు, బిగిసిన క్లచ్, తిరగని సెల్ఫ్. ఆ మూడూ ఒకే వాక్యంలో వినడం అదే మొదటిసారి. ఫోను పెట్టేలోపే సిగ్గేసింది. ఈ జబ్బు గురించి మా గురువు పని నేర్పిన మొదటి ఏడాదే చెప్పాడు: ఇంజన్ ఎర్త్ తెగితే కరెంటు క్లచ్ వైరు పట్టుకుని తిరిగొస్తుందని.

తెలియనివాళ్ల కోసం ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. సెల్ఫ్ మోటార్‌కి కరెంటు ప్లస్ వైరులో వెళ్తుంది. మోటార్ బాడీ గేర్‌బాక్స్‌కి బిగించి ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి ఇంజన్ లోహంలోకి దిగుతుంది. ఇంజనేమో రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది, కారు బాడీకి నేరుగా తగలదు. అందుకని మైనస్ వైరు రెండు పాయలుగా ఉంటుంది: లావుది ఇంజన్ లేదా గేర్‌బాక్స్‌కి, సన్నది బాడీకి. లావుది పోయిందనుకోండి, కరెంటు ఊరికే ఆగదు. ఇంజన్‌ని బాడీతో కలిపే లోహం ఏది దొరికితే దాంట్లోంచి వెళ్తుంది. క్లచ్ వైరు అలాంటిదే: ఒక చివర గేర్‌బాక్స్ మీద, ఇంకో చివర పెడల్ దగ్గర బాడీ మీద, లోపలంతా ఉక్కు. యాక్సిలరేటర్ వైరు కూడా అంతే. ఉక్కు తీగ వేడెక్కి, లోపలి ప్లాస్టిక్ గొట్టం కరిగి అతుక్కుంటుంది. పెడల్ తొక్కేవాడికి క్లచ్ బిగిసినట్టు తెలుస్తుంది, అంతకన్నా తెలియదు.

ఆదివారం అరసవల్లి, గార మీదుగా మళ్లీ వెళ్లాను. ఈసారి డీసీ క్లాంప్ మీటర్ కూడా పట్టుకెళ్లాను, వైరు చుట్టూ దవడ పెడితే అందులో పారే కరెంటు ఎంతో చూపించేది. ముందు పెట్రోల్ పంపు ఫ్యూజు పీకేశాం, సెల్ఫ్ తిరిగినా ఇంజన్ అందుకోకుండా. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంది. ఒక్కో టెస్టుకి నాలుగైదు సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టలేదు, మధ్యలో నిమిషం రెండు నిమిషాలు వదిలాం.

టెస్టు చాలా తేలిక. మీటరుని వోల్టుల్లోనే ఉంచి, ఒకే వైరు రెండు చివర్లా రెండు ప్రోబ్‌లు పెట్టి, లోడ్ మీద, అంటే కరెంటు గట్టిగా పారుతుండగా, చూడటం. మంచి వైరుకి రెండు చివర్ల మధ్య తేడా దాదాపు ఉండకూడదు. ఉన్నదంటే ఆ వోల్టులు దారిలోనే పోయాయన్నమాట.

మొదట బ్యాటరీ ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటార్ మీది లావు బోల్టు దాకా: సెల్ఫ్ కొట్టినప్పుడు 0.15 వోల్టులు. వెళ్లే దారి బాగుంది.

తర్వాత మైనస్ పోస్టు నుంచి ఇంజన్ లోహానికి. పెయింటు, మురికి లేని చోటు చూసి ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జి చేసేది, షాపుల్లో డైనమో అంటారు) బోల్టు మీద ఆనించాను. బావ తాళం తిప్పాడు.

5.1 వోల్టులు.

"ఎంత ఉండాలి?" అన్నాడు బావ కారులోంచి.

"పాయింటు రెండు. మహా అయితే పాయింటు ఐదు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే లెక్క కట్టాడు: 11.6లోంచి 5.1 పోతే, ప్లస్ వైపు 0.15 పోతే, మోటార్‌కి అందేది 6.35. సగం వోల్టేజితో ఇంజన్‌ని తిప్పమంటున్నాం. కొత్త బ్యాటరీ వేసినా, కొత్త మోటార్ వేసినా దానికి దక్కేది అంతే.

మిగతా రెండు రీడింగులు కథని పూర్తి చేశాయి. మైనస్ పోస్టు నుంచి కారు బాడీకి 0.3. బాడీ నుంచి ఇంజన్‌కి 4.8. సన్న పాయ పని చేస్తోంది, లావు పాయ చచ్చింది. క్లాంప్ మీటర్ దవడ ప్లస్ వైరు చుట్టూ పెడితే 72 ఆంపియర్లు. తర్వాత అదే దవడని క్లచ్ వైరు చుట్టూ పెట్టాను. అక్కడ కరెంటే ఉండకూడదు. 40 చూపించింది. 4.8 వోల్టులని 40తో గుణిస్తే 190 వాట్ల పైచిలుకు. అంటే పాతకాలం వంద వాట్ల బల్బులు రెండు ఆ గొట్టంలో వెలుగుతున్నట్టు లెక్క. అక్కకి వచ్చిన కంపు అదే. బావని బయటికి పిలిచి క్లచ్ వైరు ముట్టుకోమన్నాను. వేలు పెట్టి వెంటనే తీసేశాడు.

మరి కనుమ నాడు బీప్ ఎందుకు మంది? 5.1ని 72తో భాగిస్తే 0.07 ఓం. నా మీటరు ఓం రేంజ్‌లో చూపగలిగే కనిష్ఠ అంకె 0.1. ఈ జబ్బు దాని చూపుకి ఆనదు. పైగా బీప్ మోడ్‌లో మీటరు పంపే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. కాలవ మీద ఒక్క తాటిదుంగ ఉన్నా మనిషి దాటేస్తాడు. దాటాడు కదా, లారీ పంపొచ్చు అని నేను రాసిచ్చాను. ఇంకా నవ్వొచ్చే సంగతి, ఆ మనిషి దాటింది అసలు దుంగ మీద కూడా కాకపోవచ్చు, పక్కనున్న క్లచ్ వైరు మీదుగానే వచ్చి ఉండొచ్చు.

పచ్చపొడి

బ్యాటరీ విప్పాం. మొదట మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. ప్లస్ నట్టు తిప్పుతుండగా స్పానర్ బాడీకి తగిలినా, మైనస్ ఊడి ఉంటే ఏమీ కాదు. ఇది పాటించని ఒక కుర్రాడి స్పానర్‌కి పడిన నల్లటి గాటు ఇప్పటికీ మా షాపులో ఉంది. చేతికి ఉంగరం, వాచీ ఉంటే తీసెయ్యాలి.

బ్యాటరీ ట్రే తీశాక మైనస్ వైరు మొత్తం బయటపడింది. పైకి చూస్తే ఏ లోపమూ లేదు. నల్ల తొడుగు నిగనిగలాడుతోంది, గేర్‌బాక్స్ దగ్గర లగ్గు, అంటే వైరు చివర నొక్కిన లోహపు కొన, బోల్టుకి గట్టిగానే ఉంది. లగ్గు దగ్గర వైరుని వంచితే మాత్రం చేతికి ఏదో తేడాగా తగిలింది. రాగి తీగల కట్ట వంచితే బిరుసుగా ఎదురు తిరుగుతుంది. ఇది తడిసిన చాక్‌పీసు పెట్టె వంగినట్టు మెత్తగా, కరకరమంటూ వంగింది.

బ్లేడుతో తొడుగు రెండంగుళాలు చీల్చాను. లోపల రాగి లేదు, పచ్చపొడి ఉంది. ఇంట్లో పాత ఇత్తడి బిందె అడుగున పట్టే చిలుము, అదే రంగు. బొటనవేలితో నలిపితే రాలిపోయింది. పొడిలో అక్కడక్కడ నల్లబడ్డ తీగ ముక్కలు ఒకదానికొకటి తగులుతూ ఉన్నాయంతే. ఉప్పు తేమ లగ్గు నోటి దగ్గర నుంచి తీగల సందుల్లోకి, దీపం ఒత్తిలోకి నూనె ఎక్కినట్టు, మెల్లగా ఎక్కింది. ఎక్కింది ఇక తొడుగు లోపలే ఉండిపోయింది. గేర్‌బాక్స్ అల్యూమినియం కాబట్టి లగ్గు కింద తెల్ల పొడి కూడా ఉంది.

బావ నోట్‌బుక్ అప్పుడు తెరిపించాను. బ్యాటరీ మార్చినప్పుడు మూడు వారాలు బాగుంది. మోటార్ దింపినప్పుడు నెలన్నర. నేను టెర్మినల్స్ తోమినప్పుడు మూడు రోజులు. మూడుసార్లూ ఎవరో ఒకరు ఆ వైరుని కదిపారు. కదిపితే పొడిలోని తీగలు కొత్తగా తగిలి కొన్నాళ్లు లాగేది, తర్వాత మళ్లీ చిలుము. సంబంధం లేని రిపేరు ఏది చేసినా కొన్నాళ్లు బాగుపడే బండి కనిపిస్తే, ఇప్పుడు నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఆ రిపేరులో దేన్ని ఊడదీశారు?

బ్యాటరీలు ఎందుకు పోయాయన్నది కూడా ఇందులోనే ఉంది. వైరు మార్చకముందే, ఫ్యూజు మళ్లీ పెట్టి, జంపర్ కేబుల్ సాయంతో ఇంజన్ స్టార్ట్ చేసి కేబుల్ తీసేశాక, హెడ్‌లైట్లు, బ్లోవర్ వేసి కొలిచి పెట్టుకున్నాను. ఆల్టర్నేటర్ దగ్గర దాని ప్లస్ బోల్టుకీ దాని బాడీకీ మధ్య 14.3 ఉంది, బాగుంది. బ్యాటరీ పోస్టుల మీద 13.2 మాత్రమే. చార్జింగ్ కరెంటు కూడా ఆ చచ్చిన వైరు మీదుగానే పూర్తవ్వాలి కదా. లైట్లు వేసుకుని తిరిగినంతసేపూ బ్యాటరీకి కడుపు నిండలేదు. ఎప్పుడూ సగం ఆకలితో ఉన్న సీసం బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి తొందరగా పోతుంది. షాపులో డైనమో ఒక్కటే చూసి "ఓకే" అన్నారు. డైనమో ఓకేనే.

డైనమో అంటే ఒక మాట. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, బండి ఆగిపోతే డైనమో చెడింది, ఆగకపోతే బాగుంది అని చూసే పాత పద్ధతి ఒకటి ఇంకా కొన్నిచోట్ల ఉంది. అంబాసిడర్ల కాలంలో చెల్లింది. ఈసీఎం (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఉన్న బండికి అలా చేస్తే ఒక్కసారిగా ఎగిసే వోల్టేజికి వేలల్లో నష్టం. ఎవరైనా మీ బండికి అలా చెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపండి.

వైరు మార్చడం

ముందు రోజు శ్రీకాకుళంలోనే సామాన్లు కొనుక్కుని వెళ్లాను. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, ఎక్కువ తీగలున్న మెత్తటి రకం. తగరం పూత ఉన్న రాగి లగ్గులు, లోపల జిగురుండే హీట్ ష్రింక్ గొట్టం. లగ్గులు సుత్తితో కొట్టి నొక్కకూడదు, హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కాలి. మీ దగ్గర క్రింపర్ ఉండదు. పాత వైరు పట్టుకెళ్లి, పొడవు చూపించి, ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో గానీ మాలాంటి వాళ్ల దగ్గర గానీ నొక్కించి తెచ్చుకోవడమే మేలు. జిగురు గొట్టం లగ్గు మెడ మీదికి వచ్చేలా వేసి వేడి చేస్తే ఆ నోరు మూసుకుంటుంది. ఈ వైరు చచ్చింది ఆ నోరు తెరిచి ఉండబట్టే.

గేర్‌బాక్స్ మీద లగ్గు కూర్చునే చోటు మెరిసే దాకా గరుకు కాగితంతో రుద్దాను. అక్కడ కంగారు పడకూడదు, పది నిమిషాలు పట్టింది. బోల్టు మరీ బలంగా లాగితే అల్యూమినియంలో మరలు పోతాయి. గ్రీజు లేదా వ్యాజలైన్ బిగించిన తర్వాత పైన పూస్తాం, లగ్గు కింద కాదు.

ఇంకో వైరు అదనంగా వేశాను, ఇంజన్ ఎత్తే హుక్కు నుంచి బాడీకి. తీరం ఊళ్ల బండ్లకి ఈ రెండో ఎర్త్ వెయ్యడం ఈ కేసు తర్వాత అలవాటు చేసుకున్నాను. కొత్త బండ్లలో, ముఖ్యంగా సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగే రకంలో, మైనస్ క్లాంపు మీదే చిన్న సెన్సర్ ఉంటుంది. వాటికి అదనపు వైరు నేరుగా బ్యాటరీ పోస్టుకి వెయ్యకూడదు, సెన్సర్ లెక్క తప్పుతుంది. ఇంజన్‌కీ బాడీకీ మధ్య వేస్తే ఇబ్బంది లేదు.

కాలిపోయిన క్లచ్ వైరు ఎలాగూ మార్చాల్సిందే, మార్చాం. మూడోది.

తర్వాత మళ్లీ అవే కొలతలు. మైనస్ పోస్టు నుంచి ఇంజన్‌కి 0.18. ప్లస్ వైపు 0.26. అది ఇంతకుముందు 0.15 ఉండేది కదా, పెరిగిందేమిటని బావ అడిగాడు. ఇప్పుడు కరెంటు 130 దాకా పారుతోంది, అందుకే పెరిగింది. క్లచ్ వైరు మీద క్లాంప్ మీటర్ ఒకటి రెండు మించలేదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ పోస్టుల మీద 10.9. జబ్బుగా ఉన్నప్పుడు 11.6, నయమయ్యాక 10.9. ఈ రెండు అంకెలు మాత్రం గుర్తుపెట్టుకోండి. ఎక్కువ వోల్టేజి ఉంటే మంచిదనుకునే అలవాటు మనది. ఇక్కడ పడాల్సినంత పడకపోవడమే రోగలక్షణం. లైట్లు, బ్లోవర్ వేసి నడుస్తుంటే బ్యాటరీ మీద 14.1.

మీ షెడ్డులో అయితే

మీటరు లేకపోయినా ఈ జబ్బుని పట్టుకోవచ్చు. ఒక జంపర్ కేబుల్ చాలు, ఇంకో బండి కూడా అక్కర్లేదు. సెల్ఫ్ "టక్" మని ఆగిపోతున్న సమయంలో, కేబుల్ ఒక క్లాంపు మీ బ్యాటరీ మైనస్ పోస్టుకి పెట్టండి. రెండోది ఇంజన్ మీద బ్యాటరీకి దూరంగా ఉన్న గట్టి లోహానికి, ఎత్తే హుక్కుకో ఆల్టర్నేటర్ బ్రాకెట్‌కో. బెల్టు, ఫ్యాను దగ్గర కేబుల్ ఉండకూడదు, మెడలో తువ్వాలు కూడా ఉండకూడదు. ఇప్పుడు తాళం తిప్పితే ఇంజన్ గిర్రున తిరిగిందా, దోషం ఎర్త్‌దే. తేడా రాకపోతే ఎర్త్‌ని వదిలి ముందుకెళ్లండి. కేబుల్ మైనస్‌కే పెట్టామని రెండుసార్లు చూసుకోండి. ప్లస్‌కి పెట్టి ఇంజన్‌కి ఆనించారో నిప్పులే.

చప్పుడు కూడా సగం కథ చెబుతుంది. టకటకటకమని గబగబా కొట్టుకుంటే ఎక్కువసార్లు బ్యాటరీ డౌన్ లేదా టెర్మినల్ లూజు. ఒక్క బరువైన "టక్" తర్వాత నిశ్శబ్దం అయితే మోటార్, లేదా ఇలాంటి ఎర్త్ జబ్బు. అసలు చప్పుడే లేకపోతే ఇగ్నిషన్ స్విచ్, రిలే, వాటి సన్న వైర్ల వైపు చూడాలి. ఇవి గురిపెట్టడానికి పనికొస్తాయి, తీర్పు చెప్పడానికి కాదు. తీర్పు మీటరుదే, అదీ లోడ్ మీద.

బ్యాటరీ రాత్రికి రాత్రి ఖాళీ అవుతుంటే అది వేరే రోగం. బండి ఆపి, తలుపులన్నీ మూసి, లోపలి బాక్సులు నిద్రపోయే దాకా అరగంట ఆగి చూస్తే 50 మిల్లీ ఆంపియర్ల లోపే లాగాలి. అంతకు మించితే డిక్కీ లైటో, తర్వాత బిగించిన స్టీరియోనో, డ్యాష్‌క్యామో. దాని సంగతి ఇంకోసారి.

పాత వైరు చీల్చిన ముక్క మా షాపులో మేకుకి వేలాడుతోంది. "అన్నా, బ్యాటరీ మార్చేద్దామా" అని వచ్చేవాళ్లకి దాన్ని ఊపి చూపిస్తాను, కొంచెం పచ్చపొడి రాలుతుంది. బావ షెడ్డు గోడ మీద చాక్‌పీసుతో ఒక పట్టిక గీశాడు: తేదీ, ఇంజన్ ఎర్త్, ప్లస్ వైరు. మీటరు కూడా కొనుక్కున్నాడు. ఆరు నెలలకొకసారి తనే కొలిచి ఫోటో పంపుతాడు. జూలైలో వచ్చిన ఫోటోలో ఇంజన్ ఎర్త్ వరసలో మొదట 0.18, దాని కింద 0.19. ఆ రెండో అంకె కింద రెండు గీతలు గీసి ప్రశ్నార్థకం పెట్టాడు. మీటరు తేడాయేలే బావా, 0.4 దాటితే వస్తాను అని చెప్పాను.